చక్రముల మీది యిల్లు

ఇల్లు విడిచి పోవుటయే ప్రయాణమని మనవారి తలంపు. ఇంటిని వెంటబెట్టుకొని పోవువారిని చూచినప్పుడు మనము రెండు మాటలు వాడుచుందుము. పోవువాడు ధనికుడైనచో విహారమందుము. పేదవాడైనచో వలస యందుము. మా నారాయణపేట ప్రాంతమున ఈ రెండవ తెగవారే హెచ్చు. వెనుకటి కాలమున లంబాడీలు ఎద్దులమీద ఉప్పును ధాన్యమును వేసికొని, ఆలుబిడ్డలతో దేశమంతయు తిరిగెడివారు. పిదప పాలమూరు కూలీలు గుంపుమేస్త్రీల వెంట వంటపాత్రలు, చాపలు, చంటిబిడ్డలతో లారీలెక్కి పోయి, దూరదేశములందలి ఆనకట్టలకును కాలువలకును మట్టి మోసిరి. నేటికిని మా తండాలనుండి బొంబాయికిని పుణెకును పోవువారు కలరు. వారికి పొయ్యి వెలిగినచోటే యిల్లు.

ఇట్టి యింటిని కేవలము వినోదార్థము కట్టించుకొని తిరుగువారు ఇతరదేశములందు కలరు. ఆ బండిని క్యాంపర్ వ్యాను అందురు. 2024 ఫిబ్రవరి మాసమున న్యూజీలాండు దక్షిణద్వీపములో అట్టి బండియందు ఎనిమిది దినములు ప్రయాణము చేయుట మాకు తటస్థించెను. క్రైస్ట్‌చర్చి నగరమున ఉద్యోగము చేయుచున్న మా కుమారుడు దానిని బాడుగకు తీసికొనెను. మేము ఐదుగురము: మా కుమారుడు, కోడలు, ఉపాధ్యాయవృత్తినుండి విశ్రాంతి గొన్న మా వారు, నేను, మా వారి అక్కగారగు మా వదినగారు. వదినగారి వయస్సు డెబ్బదిరెండు. ఆమె యిరువదిరెండవ యేట భర్తను గోల్పోయి పుట్టింటికి వచ్చిరి. అది మొదలు ఆ యింటి వంటయిల్లు వారిదే. మా మామగారి కాలమున ఇంట రెండు మగ్గములుండెను. వాని కండెలు చుట్టుటయు వారి పనియే. ఆ పనికి కూలి లెక్క ఎన్నడును లేదు.

కైకౌరా యను ఊరివద్ద సముద్రములో తిమింగలములను చూచుట మా ప్రయాణమున కుద్దేశ్యము. చూచితిమి, ఆ సంగతి ముందు చెప్పెదను. అంతకు మునుపు బండిలో మా కగుపడిన దొకటి కలదు. అది మన యిండ్లలో ప్రతిదినము జరుగుచున్నను గోడల చాటున జరుగునది. చక్రముల మీది యింట చాటు లేదు గావున అది అందరి కన్నులబడెను.

ఆ బండి పొడవు ఇరువది మూడడుగులు. అందే పడకలు, అందే పొయ్యి, అందే పాత్రలు కడుగు తొట్టి. మంచినీటికొక తొట్టి, కడిగిన నీటికొక తొట్టి. ఒక మూల బీరువాయంత గదిలో మరుగుదొడ్డి కలదు. దాని క్రింద ప్లాస్టికు పెట్టె యొకటి యుండును. అది నిండినప్పుడు బయటి తలుపు తెఱచి, పెట్టెను లాగి, ఊరూర ఏర్పఱచిన గుంటవద్దకు తీసికొనిపోయి, కుమ్మరించి, కడిగి, మరల అమర్చవలెను. బండి వెంట వచ్చు పనివారెవ్వరును లేరు. బయలు ప్రదేశములందు రాత్రి నిలుచు బండిలో మరుగుదొడ్డి స్థిరముగా అమర్పబడి యుండవలెనని 2023లో ఆ దేశమువారు చట్టము చేసి, దానిని దశలవారీగా అమలుపఱుప నారంభించిరి.

మొదటి సాయంకాలమే మా కోడలు ఒక కాగితముపై గీతలు గీసి బీరువా తలుపునకు అంటించెను. అడ్డముగా దినములు, నిలువుగా పనులు: వంట, పాత్రలు, నీరు నింపుట, పడకలు మడచుట, పెట్టె కడుగుట. ఐదు పనులు, ఐదు పేర్లు. పెద్దచిన్న భేదము గాని, ఆడమగ భేదము గాని అందు లేదు. మూడవ దినమున పెట్టె కడుగుట యను గడిలో మా వారి పేరుండెను. వారు కండ్లద్దములు సవరించుకొని చదివిరి గాని ఏమియు మాటాడలేదు.

మాటాడినది వదినగారు. “వాడెన్నడు చేసిండమ్మా ఆ పని! ఆ దినం గూడ నాకే రాయి” అనిరి. అందుకు మా కోడలు, “మీ వంతు ఎల్లుండి తరువాత ఉంది కదా, పెద్దత్తయ్యా. రెండు వంతులు మీకెందుకు?” అని నవ్వుచు చెప్పి కాగితమును మార్పకయే విడిచెను.

ఈ సంభాషణమును చదివి నవ్వువారు కొంచె మాలోచింపవలయును. మా చిన్ననాడు పేటలోని పాత యిండ్లకు వెనుకవైపున ఒక చిన్న తలుపుండెడిది. అది ఇంటివారి రాకపోకలకు కాదు. తెల్లవారకమునుపు ఒక స్త్రీ ఆ తలుపున వచ్చి, పాయఖానాను ఎత్తి, తట్టను నెత్తిన బెట్టుకొని పోవుచుండెను. ఆమె ముఖమును పగటివేళ ఎవరును చూడకుండుటకే ఆ తలుపు. అట్టి పనిని మానవులచే చేయింపరాదని 1993లో ఒక చట్టమును, 2013లో మఱింత కట్టుదిట్టమైన చట్టమును మన దేశమున చేయబడినవి. తట్ట పోయినది. గాని మురుగుతొట్లలో దిగి ఊపిరాడక చనిపోయినవారి వార్తలు నేటికిని పత్రికలలో వచ్చుచునే యున్నవి. చనిపోవుచున్నది నాడు వెనుకతలుపున వచ్చిన ఆ కుటుంబములవారే.

మన సంస్కర్తలలో ఈ విషయమును ఇంటిలోనే ప్రారంభించినవాడు గాంధీ మహాత్ముడు. ఆయన తన యాత్మకథలో 1898 ప్రాంతమున డర్బనులో జరిగిన సంగతి యొకటి దాపఱికము లేక వ్రాసెను. వారి యింట బస చేసిన గుమాస్తాలలో పంచమ దంపతులకు బుట్టిన క్రైస్తవుడొక డుండెను. అతని గదిలోని పాత్రను కస్తూరిబా కన్నీరు కార్చుచు మోసెను. మోసిన చాలదు, సంతోషముతో మోయవలెనని భర్త పట్టుబట్టి, ఆమెను చేయిపట్టి వాకిటివఱకు ఈడ్చుకొనిపోయెను. అంతలో ఆమె మాటలకు సిగ్గుపడి నిలిచెను. ఆశయ మెంత గొప్పదైనను, దానిని భార్యచేతులతో నెఱవేర్పజూచినపుడు అది అధికార మగునేగాని సంస్కారము కానేరదని ఆ కథవలన మనకు తెలియుచున్నది. మన సభలలో అస్పృశ్యతానివారణమును గుఱించి ఉపన్యసించి, ఇంటికి వచ్చి కాళ్లు కడుగుటకు నీళ్లు తెమ్మను పెద్దమనుష్యులు నేటికిని లేకపోలేదు.

మూడవ దినమున మా వారు చొక్కాచేతులు పైకి మడచుకొని పెట్టెను తీసికొనిపోయిరి. గుంటవద్ద వారికంటె పెద్దవయస్సు తెల్లదొర యొకడు అదే పని చేయుచుండెను. పెట్టెకు గాలి వెళ్లుటకు మీట యొకటి కలదనియు, దానిని నొక్కినచో చింది మీద పడదనియు అతడు చూపెను. అటుపై ఇరువురును చేతులు కడుగుకొని బల్లపై కూర్చుండి తేనీరు త్రాగిరి. అతడు నలువదియేండ్లు శస్త్రవైద్యము చేసి విశ్రాంతి గొన్నవాడట. మా వారు తిరిగి వచ్చి, “దీనికి బడి పిల్లలకు ఒక పాఠము పెట్టవచ్చును” అని మాత్రమే అనిరి.

ఇట్టి బళ్లు నిలుచు మైదానములందు తోడిప్రయాణికుల పరిచయము శీఘ్రముగా కలుగును. అందఱును ఒకే కుళాయివద్ద పాత్రలు కడుగవలెను. ఒకే తీగపై బట్టలార వేయవలెను. అక్కడ మాకు ఫిజీదేశపు భారతీయకుటుంబ మొకటి కనబడెను. అందలి పెద్దామె మా చారు వాసన పట్టి వచ్చి, “చారు” అని తెలుగున పలికెను. ఆమెకు తెలిసిన తెలుగు మాటలు పదింటికి మించవు: అవ్వ, పప్పు, చారు, రా, కూర్చో. ఆమె ముత్తవ్వ మద్రాసు రేవులో ఓడ యెక్కినదని మాత్రము తెలియును. ఏ యూరినుండి వచ్చినదో తెలియదు. 1879 మొదలు 1916 వఱకు అరువదివేలమందికి పైగా భారతీయులు చెఱకుతోటలలో పనిచేయుటకు ఒడంబడికపై ఫిజీకి చేర్పబడిరి. 1903 మొదలు మద్రాసునుండియు ఓడలు బయలుదేఱెను. తెలుగువారు హెచ్చుగా పోయినది అప్పుడే. 1987లో అక్కడ సైనికులు ప్రభుత్వమును కూలద్రోసిన పిమ్మట వారి సంతతివారు పలువురు న్యూజీలాండునకు వచ్చి స్థిరపడిరి.

ఓడలో కులమున కొక వంటశాల యుండదు గదా యని నే నడిగితిని. ఆమె నవ్వి ఇంగ్లీషున బదులు చెప్పెను: “మా ముత్తవ్వ చెప్పినదంతయు అదియే. ఓడ యెక్కునపుడు పదికులములు, దిగునపుడు ఒక్క కులము.” వదినగారికి నేనా మాటను తెలుగున చెప్పితిని. ఆ రాత్రి మా భోజనమునకు ఆ కుటుంబమును పిలిచినవారు వదినగారే. మడి గట్టుకొనుటకు మూల లేని బండిలో, ఏబదియేండ్లు ఒరుల నెవ్వరిని పొయ్యి దరికి రానీయని యామె, ఫిజీ యామెచేత గరిటె పట్టించిరి.

క్రైస్ట్‌చర్చినుండి కైకౌరా నూట యెనుబది కిలోమీటర్లు. దారి కొంతదూరము పచ్చిక మెట్టలపై పోయి, పిదప కొండకును సముద్రమునకును నడుమనున్న సన్నని పట్టెపై సాగును. 2016 నవంబరు 14వ తేదీ నాటి భూకంపమునకు ఈ కొండచరియలు విఱిగి రోడ్డుమీదను రైలుదారిమీదను పడగా, ఆ యూరికి ఉత్తరపు తీరమార్గము 2017 డిసెంబరు వఱకు మూతబడెను. ఊరిపేరు మావోరీ భాషలోనిది: కై యనగా ఆహారము, కౌరా యనగా సముద్రపు పెద్దరొయ్య.

ఈ యూరి చరిత్రము సంస్కారప్రియులు తెలిసికొనదగినది. 1842 ప్రాంతమున రాబర్టు ఫైఫ్ అను నాతడు అక్కడ తిమింగలముల వేట స్థావరమును నెలకొల్పెను. తిమింగలపు క్రొవ్వును కాచిన నూనె ఆ కాలమున దీపములకును యంత్రములకును వాడబడుచుండెను. నాటి యిల్లొకటి ఊరిలో నేటికిని నిలిచియున్నది. దాని పునాదికి దన్నుగా నిలిపినవి తిమింగలముల వెన్నుపూసలు. మేము వంగి వానిని చూచితిమి. న్యూజీలాండువారి తిమింగలపు వేట 1964తో ముగిసెను. 1978లో సముద్రమునందలి పాలిచ్చు జంతువులను రక్షించు చట్టము వచ్చెను. వ్యాపారార్థము జరుగు వేటను నిలుపవలెనని అంతర్జాతీయసంఘము 1982లో తీర్మానించెను.

వేట పోయినపిదప ఊరికి రైలు నౌకరీలు ముఖ్యాధారము. 1980 తరువాతి సంవత్సరములలో అవియు పోయినవి. మావోరీలకు ఎక్కువగా పోయినవి. అప్పుడు న్గాటి కురి తెగకు చెందిన కొన్ని కుటుంబములవారు తమ యిండ్లను తాకట్టు పెట్టి, అప్పు తెచ్చి, పడవ కొని, 1987లో తిమింగలములను చంపుటకు గాక చూపుటకు వ్యాపారము ప్రారంభించిరి. తమ పూర్వపురుషుడగు పైకేయా తిమింగలము వీపుపై సముద్రము దాటి వచ్చెనని వారి పురాణము. నేడు ఆ సంస్థయే ఆ యూరికి ప్రధానమైన జీవనోపాధి. ప్రయాణికులు చేరవలసిన కార్యాలయము పాత రైలుస్టేషనులోనే యున్నది. “ఇది మా కులవృత్తి, మానినచో బ్రతుకెట్లు?” అను ప్రశ్న ప్రతి దురాచారమును కాపాడుటకు మన దేశమున అడుగబడుచున్నది. బ్రతుకుటకు వేఱుమార్గము కలదని నోటితో చెప్పుట సులభము. తమ యింటికప్పునే పందెమొడ్డి ఆ మార్గమును వేసి చూపినవారు వీరు.

ఆ తీరమునకు కొలది దూరముననే సముద్రగర్భమున వేయి మీటర్లకు మించిన లోతుగల లోయ కలదు. అందుచేత ఇతరత్ర నడిసముద్రమున గాని కానరాని స్పెర్మ్ తిమింగలములు ఇక్కడ తీరమునుండి పడవపై పోయి చూచునంత దగ్గఱకు వచ్చును. మన వారికి తిమింగలము పేరు క్రొత్తది కాదు. తిమి యనగా పెద్దచేప. దానిని మ్రింగునది తిమింగిలము. దానిని మ్రింగునది తిమింగిలగిలమని సంస్కృత నిఘంటువులు ఇంకొక మెట్టు పైకి పోవును. గాని ఇది చేప గాదు. ఊపిరితిత్తులతో గాలి పీల్చి, పిల్లలను కని, పాలిచ్చునది. యూనానీ హకీములు మందులలో వాడిన అంబరు ఈ జంతువు ప్రేగులలో పుట్టినదే. నేడు దానిని మన దేశమున కొనుటయు అమ్ముటయు వన్యప్రాణి చట్టముచే నేరము.

పడవవారు నీటిలోనికి ఒక శబ్దగ్రాహకమును దింపి ఆలకించిరి. లోతునందు ఆహారము వెదకునపుడు ఈ తిమింగలములు టక్కుటక్కుమని ధ్వనులు పంపి, వాని ప్రతిధ్వనులచే దారి తెలిసికొనును. ఆ ధ్వని ఆగినచో అది పైకి వచ్చుచున్నదని గుర్తు. ఏబది మీటర్లకు దగ్గఱగా పడవ పోరాదు. మూడు వందల మీటర్ల లోపల మూడింటికి మించి పడవలు నిలువరాదు. తిమింగలమే కానరానిచో రుసుములో నూటికి ఎనుబది వంతులు తిరిగి యిత్తురు. రమ్మని పిలుచుటకు వీలులేని యతిథికొఱకు నలువదిమంది నోరు మెదపక కనిపెట్టుకొని యుండిరి.

అంతలో ఎడమవైపునకు వాలిన నీటితుంపురు లేచెను. నల్లని దుంగవంటి వీపొకటి నీటిపై తేలి, కదలక మెదలక ఊపిరి తీయుచుండెను. పెద్ద మగది పదునాఱు మీటర్ల పొడవుండునని పడవలోని మావోరీ యువతి చెప్పెను. అది సుమారు ముప్పావుగంట లోతున ఆహారము వెదకి, పది నిమిషములు మాత్రము పైన నిలిచి, మరల మునుగునట. తుదకు తోకను పైకెత్తి నిట్టనిలువుగా దిగిపోయెను. అందఱును చప్పట్లు చఱచిరి.

వదినగారు చప్పట్లు చఱువలేదు. కొంతసేపు నీటివంక చూచి, “అది ముప్పావుగంట అడుగున పని జేసి, పది నిమిషాలు పైకొచ్చి ఊపిరి తీసుకుంటున్నది. నాకు ఈ యాభై ఏండ్లల్ల ఆ పది నిమిషాలు దొరకలేదమ్మా” అనిరి. ఆ మాటలో ఏడుపు లేదు; కోపమును లేదు. లెక్క చెప్పినట్లు చెప్పిరి. పక్కనున్న మా వారు విని తలవంచుకొనిరి.

ఆ మావోరీ యువతి ఇంకొక సంగతి చెప్పెను. కైకౌరాకు వచ్చునవి చాలవఱకు మగవే. ఆడవి పిల్లలతో గూడ వెచ్చని సముద్రములందు గుంపులుగా బ్రతుకును. పసిపిల్ల తల్లివలె అంత లోతునకు దిగజాలదు. కావున ఒక తల్లి ఆహారమునకై మునిగినపుడు తక్కినవి ఆ పిల్లకు కాపుండును. ఆమె వచ్చిన పిదప మఱియొకతె పోవును. జంతువులనుచూచి మనుష్యులు నీతి నేర్చుకొనవలెనని నే ననను. వాని ధర్మము వానిది. అయినను వంతులు వేసికొనుట ప్రకృతివిరుద్ధమనియు, ఇంటిపని ఒక్కరికే విధింపబడినదనియు చెప్పువారు ప్రకృతిని సాక్ష్యమునకు పిలువకుండుట మంచిది.

ఇందుకు కొన్ని యాక్షేపణలు రావచ్చును. ఇవి ధనము గలవారి విలాసములు, వీనివలన మాకేమి పాఠమని యొకటి. ఆ మాట కొంతవఱకు నిజమే. విహారమునకు తిరుగు బండికి మరుగుదొడ్డి యుండితీరవలెనని అచ్చట చట్టము. మా పాలమూరు కూలీలు పొట్టకై దేశము తిరిగిరి. వారికి వసతి కల్పింపవలెనని 1979లోనే చట్టము చేయబడెను. ఆ చట్టము కాగితమునుండి దిగి, తట్ట మోయు స్త్రీ గుడారమువఱకు ఎన్నిమార్లు నడచివచ్చెనో ఆ స్త్రీలనే యడుగవలెను. విలాసమునకు కల్పింపగలిగిన సౌకర్యము శ్రమకు కల్పింపరాదా యని యడుగుటయే ఆ బండివలన మనము నేర్వవలసిన మొదటి పాఠము.

రెండవ యాక్షేపణ మన స్త్రీలనుండియే వచ్చును. “మగవాడు వంటయింటికి వచ్చిన పని చెడును, మాకు బరువని మేము చెప్పితిమా?” యందురు. చెప్పలేదు, నిజమే. చెప్పుటకు తీరికయుండవలెను గదా. బరువు మోయునపుడు మాట రాదు. దింపినపిదప గాని భుజము నొప్పి తెలియదు. వదినగారు ఇంటిలోనుండగా ఆ మాట అనలేదు. ఎనిమిది దినములు ఐదవవంతు పని మాత్రమే చేసినపిదప అనిరి. కావున స్త్రీలు సంతుష్టిగానే యున్నారను సాక్ష్యమును, వారికి కొన్నాళ్లు విశ్రాంతి నిచ్చి చూచినపిదప గాని అంగీకరింపరాదు.

మేము నారాయణపేటకు వచ్చినపిమ్మట మా వంటయింటి తలుపునకు ఒక కాగితము అంటించితిమి. అన్ని గడులును నిండినవని చెప్పను. పండుగదినములందు వంతులు తప్పుచున్నవి. చుట్టములు వచ్చినపుడు కాగితము మీద తువ్వాల వ్రేలాడుచున్నది. అయినను పాయఖానా కడుగుట మా వారి పని, నా పని, వంతులవారీగా. ఉదయపు తేనీరు వారిదే. సాయంకాలము ఐదు మొదలు ఆఱు వఱకు వదినగారి పేర ఏ పనియు లేదు. ఆ గంటలో వారు అరుగుమీద కూర్చుందురు. ఏమి చేయుచున్నారని అడిగిన ఇరుగుపొరుగువారికి “ఏం చేస్తలేను” అని బదులు చెప్పుదురు. ఆ బదులు విని రెండు వీధుల ఆవలి యొక వృద్ధురాలు తానును వచ్చి కూర్చుండుచున్నది.

చదువరులారా! మీకు బండి యక్కఱలేదు; సముద్రము దాటనక్కఱలేదు. మీ యింట ఎవరు ముందుగా లేచుచున్నారో, ఎవరు కడపట భుజించుచున్నారో, ఎవరి చేతులు మీ మలినమును కడుగుచున్నవో ఒక్క వారము వ్రాసి చూడుడు. ఆ కాగితమును దాచక, కూడలిలో అందఱకు కనబడునట్లు అంటింపుడు. పిదప దానిలో ఒక్క గడిని మార్చుడు; మొదట మార్చునది మీ పేరున్న గడి గావలెను.